పడమటి తలుపు గడియ

ఆ ఎండాకాలం చిత్తూరులో ఆవుల కొట్టాలు కూడా అద్దెకు పోయాయి. జపాను వాడు మద్రాసు మీద బాంబులు వేస్తాడని పుకారు పుట్టి, సముద్రం ఒడ్డున ఉన్న జనమంతా పెట్టేబేడా సర్దుకుని మావైపు వచ్చి పడ్డారు. నలభై రెండో సంవత్సరం అది. మా వీధిలో ఒకాయన తన ఇంటి అరుగుకు తడికె కట్టి ఒక ప్లీడరు కుటుంబానికి ఇచ్చేశాడు. ఊరూ వాడా ఇలా సముద్రం నుంచి పారిపోయి వస్తుంటే, సముద్రం ఒడ్డున చవగ్గా ఇల్లు దొరుకుతుందా అని బెల్లం మండీలో కనపడినవాణ్ణల్లా అడుగుతూ తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు వరదయ్య. ఆ మండీలో తూకం వేసేవాణ్ణి. నీకేమన్నా పిచ్చి పట్టిందా అని నవ్వారు అందరూ. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ ఇళ్ళలో దగ్గు లేదు.

దగ్గు నా భార్య పంకజాక్షిది. కాన్పు తర్వాత పట్టుకుంది. పుట్టిన బిడ్డ పేరు పెట్టకముందే పోయింది. మేమిద్దరం మాత్రం ఎవరికీ చెప్పకుండా, మా అమ్మకు కూడా చెప్పకుండా, దానికొక పేరు పెట్టుకున్నాం. బిడ్డ పోయినా దగ్గు పోలేదు. రెండు పొట్టి దగ్గులు, తర్వాత ఒక పొడుగు దగ్గు, చివర్లో ఊపిరి అందక చిన్న ఆగడం. రెండేళ్ళుగా రాత్రీ పగలూ అదే. నూరుమంది చీకట్లో దగ్గుతున్నా అందులో పంకజం దగ్గును నేను పట్టుకోగలను.

మా అమ్మ ఆదిలక్ష్మమ్మ రోజూ రాత్రి మిరియాల కషాయం కాచి ఇత్తడి గ్లాసులో పోసి ఇచ్చేది. అత్త చేత ఎంగిలి గ్లాసు కడిగించకూడదని పంకజానికి పట్టుదల. ఎంత ఆయాసంలో ఉన్నా, తాగిన గ్లాసు తానే తొలిచి, గడప పక్కన బోర్లించి పెట్టి పడుకునేది. ఎందుకమ్మీ అని అమ్మ కోప్పడితే నవ్వేది. నవ్వితే మళ్ళీ దగ్గు వచ్చేది.

పెద్ద ఆసుపత్రిలో మంచం దొరికేసరికి మనిషి దక్కదని తేలిపోయింది. రెండు నెలలు సముద్రపు గాలి తగిలించు, తర్వాత చూద్దాం అన్నాడు డాక్టరు. తర్వాత అన్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. దానితో నాకు అర్థం కావలసింది అర్థమైంది. ఆవిడ లేకపోతే నేను బతకలేనని కాదు, బతకాలని నాకు లేదు. అంతే.

చివరికి చెంగల్రాయుడు దొరికాడు. ఎండుచేపల వ్యాపారి, తడ నుంచి వచ్చి మా మండీలో బెల్లం కొనుక్కుపోతుండేవాడు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుకతిన్నె మీద అతనికొక ఇల్లు ఉంది. బాంబుల భయంతో కుటుంబాన్ని ఏర్పేడుకు మార్చేశాడు. ఇల్లు ఊరికే పడి ఉంది, వచ్చి ఉండండి అన్నాడు. అద్దె ఎంతో చెబితే, సరిగ్గా విన్నానో లేదో అని మళ్ళీ అడిగాను. అదే చెప్పాడు. పోతూ పోతూ మాత్రం ఒక మాట అన్నాడు.

"ఆడ కుప్పయ్య అని ఒకడుండాడు. వాడు చెప్పినట్టు ఇనుకోండి అప్పా. అంతకంటే నేనేమీ అడగను."

ఆ రాత్రి మా ఇంట్లో పండగే. ముగ్గురం దీపం చుట్టూ కూర్చుని ప్రయాణం గురించే మాట్లాడుకున్నాం. పాకాల మీదుగా రేణిగుంట, అక్కణ్ణుంచి గూడూరు, మళ్ళీ రైలు మారి తడ, తడ నుంచి పడవ. అమ్మ బియ్యం, రాగిపిండి, మిరియాలు, శొంఠి మూటలు కట్టింది. అక్కడ మంచినీళ్ళు ఎట్లనో, కట్టెలు ఎట్లనో అని ఆమె దిగులు. పంకజం సముద్రం ఎప్పుడూ చూడలేదు. అలలు రాత్రిపూట కూడా వస్తాయా అని చిన్నపిల్లలా అడిగింది. వస్తాయన్నాను, నేనేదో రోజూ చూసేవాడిలాగా. ఇత్తడి గ్లాసు తన మూటలోనే పెట్టుకుంది. రెండేళ్ళలో ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

రైలు తిరుపతి దాటుతుంటే కిటికీలోంచి కొండకు దండం పెట్టుకుంది. బాగైతే తలనీలాలిస్తానని మొక్కుకుంది. ఆ జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది.

ఇల్లు బాగానే ఉంది. తాటాకు కప్పు, మట్టి గోడలు, ఒకటే పెద్ద గది. తూర్పున ఒక తలుపు, తీస్తే సముద్రం. పడమట ఒక తలుపు, తీస్తే పులికాట్ నీళ్ళు, అక్కడివాళ్ళ మాటలో ఏరు. రెండు తలుపులూ ఒకదానికొకటి సూటిగా ఉన్నాయి. తూర్పు వాకిట్లో నిలబడితే ఇంటి గుండా పడమటి నీళ్ళు కనపడతాయి.

కుప్పయ్య ఆ సాయంత్రమే వచ్చాడు. చేపలు పట్టే ముసలివాడు, మాట తక్కువ. ఇంట్లోకి రాకుండా బయటే నిలబడి చెప్పాడు. దీపం పెట్టే వేళకు రెండు తలుపులూ బార్లా తీసి పెట్టాలి. తలుపుల నడుమ ఎవరూ ఉండకూడదు, గోడ పక్కకు జరిగి కూర్చోవాలి. దీపం వత్తి నిలకడగా వెలిగినాక తూర్పు తలుపు మూసుకోవచ్చు. ఎలాగూ సముద్రం వైపు వెలుతురు కనపడకూడదని సర్కారు వారి ఆర్డరు కూడా ఉంది.

ఎందుకని అడిగాను.

"సముద్రంలో నుంచి ఒకటి వస్తాది. ఇంట్లో దూరి, ఏటి పక్కకు పోతాది. దాని దోవన దాన్ని పోనీండి. మీ జోలికి రాదు."

ఏమిటది అంటే తెలియదన్నాడు. వాళ్ళ తాత కాలం నుంచీ పోతూ ఉందట, ఇల్లు తర్వాత దారికి అడ్డంగా కట్టారట. ఓహో, అందుకా అద్దె అంత చవక అనుకున్నాను. దగ్గు కంటే పెద్ద దెయ్యం ఎక్కడుంటుందిలే అని కూడా అనుకున్నాను.

మొదటి రోజే చూశాం. గాలి పూర్తిగా పడిపోయిన సాయంత్రం. అమ్మ దీపం వెలిగించింది. తడి తాళ్ళ వాసన, దాని వెనకే కుళ్ళిన నాచు వాసన తూర్పు నుంచి వచ్చాయి. దీపం పడమటికి వంగింది. కాసేపు అలా వంగే ఉంది. తర్వాత నిటారుగా నిలబడింది. వాసన పోయింది. అంతే. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే. కొన్నాళ్ళకు మా పొరుగింటాయన వీధిలో నడిచి వెళ్ళినట్టు అలవాటైపోయింది.

అలవాటు కానిది అమ్మకొక్కదానికే. అది దెయ్యం భయం కాదు. దీపాలు పెట్టే వేళ పెరటి తలుపు మూసి వీధి తలుపు తీయాలి, లక్ష్మి వీధి తలుపులో వస్తుంది, పెరటి తలుపులో పోతుంది. అమ్మ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఆ పద్ధతి తప్పలేదు. ఈ ఇంట్లో రోజూ సంజెవేళ పెరటి వైపున్న పడమటి తలుపు బార్లా తీసి పెట్టడమంటే, వచ్చిన లక్ష్మిని చేతులారా సాగనంపడమే ఆమె లెక్కలో. గొణుక్కుంటూనే ఓర్చుకుంది.

మొదట్లో పంకజానికి కాస్త తేరుకున్నట్టే అనిపించింది. ఇసుకలో నాలుగడుగులు నడిచింది, అలల్లో కాళ్ళు తడుపుకుంది. తర్వాత ఒక శుక్రవారం పొద్దున దగ్గులో నెత్తురు పడింది. గుక్కెడు పడింది. మధ్యాహ్నానికి పెదవులు నల్లబడ్డాయి. ఊపిరాడక కొట్టుకుంటుంటే మంచాన్ని గాలికని రెండు తలుపుల నడుమకు లాగాం. కుప్పయ్య మాట నాకు గుర్తు లేక కాదు. ఆ గాలి తప్ప ఇంకేమీ మిగల్లేదు మాకు.

సాయంత్రమైంది. అమ్మ దీపం చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఆమె కళ్ళు పడమటి తలుపు మీదే ఉన్నాయి.

"రోజూ ఆ దోవన పొమ్మని తలుపు తీసి పెడతా ఉండాము నాయనా. ఇంక ఈ ఇంట్లో ఏం మిగులుతుంది?"

అమ్మ వెళ్ళి పడమటి తలుపు మూసి గడియ వేసింది. తర్వాత దీపం వెలిగించి గూట్లో పెట్టి దండం పెట్టుకుంది.

తడి తాళ్ళ వాసన వచ్చింది. నాచు వాసన వచ్చింది. దీపం పడమటికి వంగింది. వంగి... నిలబడింది. హమ్మయ్య అనుకునేలోపల మళ్ళీ వంగింది. ఈసారి తూర్పుకు. మూసిన తలుపు దాకా పోయినది వెనక్కి తిరిగినట్టుగా. సగం దూరం వచ్చి ఆగింది. అక్కడ పంకజం మంచం ఉంది.

దీపం నిటారుగా నిలబడింది. వాసన మాత్రం పోలేదు.

అమ్మ ఇంక అయిపోయిందనుకుని తూర్పు తలుపు కూడా మూసేసింది. అప్పుడు గమనించాను, గదిలో చప్పుడు లేదు. దగ్గు లేదు. పోయిందనే అనుకున్నాను. మంచం మీద పడి ముఖం మీద చెయ్యి పెట్టాను. ఊపిరి ఆడుతోంది. మెల్లగా, హాయిగా ఆడుతోంది. పంకజం కళ్ళు తెరిచి నన్ను చూసింది. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

అమ్మ ఏడ్చేసింది. చూస్తివా, లక్ష్మి నిలిచింది అంది. నేను కూడా ఏడ్చాను. కషాయం ఇస్తే పంకజం గటగటా తాగి, గ్లాసు మంచం కింద నిలువుగానే వదిలేసి అటు తిరిగి పడుకుంది. అలసిపోయిందిలే అనుకున్నాం. రెండేళ్ళ తర్వాత నాకు ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

ఆ నిద్రలోనే మొదట వినపడింది. రెండు పొట్టి దగ్గులు. ఒక పొడుగు దగ్గు. చివర్లో చిన్న ఆగడం. అలవాటు కదా, కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి పంకజం వీపు నిమిరాను. వీపు కదలడం లేదు. దగ్గు మళ్ళీ వచ్చింది. నా చేతి కింద నుంచి కాదు...

పడమటి తలుపు బయట నుంచి.

లేచి కూర్చున్నాను. దీపం కొండెక్కింది. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత తలుపు చెక్క మీద గోటితో గీరినట్టు చిన్న చప్పుడు.

"ఇదో..."

పంకజం నన్నెప్పుడూ అలాగే పిలిచేది. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా.

"ఇదో... వింటా ఉండారా? సలేస్తా ఉండాది. తలుపు తీయండి."

ఆ తర్వాత దగ్గు. ఆ చివరి ఆగడం వినగానే నా కాళ్ళు వాటంతటవే తలుపు దగ్గరికి పోయాయి. గడియ మీద చెయ్యి వేశాను. నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

"తీయొద్దు," అంది పంకజం. నా పక్కనే నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో, అడుగుల చప్పుడు కూడా కాలేదు. రెండేళ్ళుగా ఆ చెయ్యి జ్వరంతో కాలుతూనే ఉండేది. ఇప్పుడు చల్లగా ఉంది. జ్వరం దిగిందని సంతోషించాలి. సంతోషం రాలేదు.

బయట దగ్గు. లోపల నా చేతి మీద చల్లటి చెయ్యి. ఏం చెయ్యాలి నేను? ఎవర్ని అడగాలి? నా తల పనిచేయడం మానేసింది. అప్పుడు తోచింది, మా ఇద్దరికీ తప్ప భూమ్మీద ఇంకెవరికీ తెలియని మాట ఒకటి ఉందని.

"మన బిడ్డ పేరేమి?" అని అడిగాను. గుసగుసే వచ్చింది.

"అలివేలు."

లోపల నుంచి వచ్చింది. బయట నుంచి వచ్చింది. ఒకేసారి వచ్చింది. ఒకే గొంతు. బయటిది మాత్రం ఆ పేరు చివర దగ్గింది.

అమ్మ చీకట్లో లేచి కూర్చుని ఉంది. అంతా విన్నదని ఆమె ఊపిరిని బట్టే తెలిసింది.

"తీయొద్దు నాయనా," అంది. "లోపలుండేది బతికింది గదా. బతికినదాన్ని ఎట్ల ఇడస్తావు?"

నేను తీయలేదు. గడియ వదిలి, తలుపుకు వీపు ఆనించి కూలబడ్డాను. పంకజం వెళ్ళి పడుకుంది. పడుకోగానే నిద్రపోయింది కూడా. బయట ఎవరో నాలాగే తలుపుకు ఆనుకుని కూర్చున్నారు. దగ్గినప్పుడల్లా చెక్క అదిరి నా వీపుకు తగిలేది. మా ఇద్దరికీ నడుమ ఒక చెక్కే ఉంది. తెల్లవారేదాకా నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను.

వెలుగు వచ్చాక చప్పుడు ఆగింది. గడియ తీసి చూశాను. ఎవరూ లేరు. గడప కింద ఇసుకలో మనిషి కూర్చున్నంత మేర తడిగా నొక్కుకుపోయి ఉంది. అక్కడికి వచ్చిన అడుగులు లేవు, పోయిన అడుగులూ లేవు.

లోపల పంకజం లేచి కూర్చుని, ఆకలేస్తోంది, అన్నం పెట్టమంది.

కుప్పయ్య వచ్చి ఆ ఇసుక గుంట చూశాడు. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్న పంకజాన్ని చూశాడు. రాత్రి తలుపు మూసినారా అని అడిగాడు. అవునన్నాను. ఇప్పుడేం చెయ్యాలని కాళ్ళ మీద పడబోయాను.

"ఈ సాయంత్రం తీసి పెట్టండి. లోపలుండేది పోతాది. బయటుండేది వస్తాదో రాదో నేను చెప్పలేను అప్పా. రెండూ పోతే నన్ను అనొద్దు."

నేను లోపలికి చూశాను. పంకజం తల దువ్వుకుంటోంది. చేతులెత్తి జడ వేసుకునే ఓపిక ఆవిడకు రెండేళ్ళుగా లేదు. నిలువెత్తు మనిషి, నా కళ్ళ ముందు, దగ్గు లేకుండా. సాయంత్రం దాకా ఉండే ధైర్యం నాకు లేకపోయింది. మధ్యాహ్నం పడవకే బయలుదేరాం. కుప్పయ్య పడవ నడిపినంతసేపూ మా ముఖం వైపు చూడలేదు.

దారిలో కొండ కనపడగానే మొక్కు గుర్తు చేసింది అమ్మ. తిరుపతిలో దిగుదామంది. పంకజం కొండకు వీపు పెట్టి కూర్చుని, తర్వాత చూద్దాంలే అంది. మళ్ళీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

చిత్తూరులో అందరూ ముక్కున వేలేసుకున్నారు. డాక్టరు గుండెలకు గొట్టం పెట్టి విని, సముద్రపు గాలి మహిమ అన్నాడు. ఆ ఇంటి చిరునామా అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. పంకజం ఒళ్ళు చేసింది. వంట చేస్తుంది, నీళ్ళు తోడుతుంది, నన్ను "ఇదో" అనే పిలుస్తుంది. వంక పెట్టడానికి లేదు. కూరలో ఉప్పు మాత్రం ఎంత వేసినా చాలదంటుంది. చెయ్యి ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటుంది. నేను ఆవిడ పక్కనే పడుకుంటాను. నాకు భయమని చెప్పడానికి ఈ ఊళ్ళో ఎవరున్నారు?

మేము రైల్లో వచ్చాం. అది నడిచి వచ్చినట్టుంది. దీపావళి వెళ్ళాక ఒక రాత్రి ఊరి అవతల చెరకు తోటల వైపు నుంచి వినపడింది. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు. ఆయాసపు మనిషి, ఎన్ని చోట్ల కూర్చుని, ఎన్ని చోట్ల ఆగి వచ్చిందో. కొన్నాళ్ళకు మా వీధి మలుపులో వినపడింది. సంక్రాంతి నాటికి పెరట్లో బావి దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పెరటి మెట్టు మీదే.

యుద్ధం ముగిసింది. బాంబులు పడలేదు. మద్రాసు జనం ఎప్పుడో వెనక్కి పోయారు. మా ఇంట్లో మాత్రం పొద్దు వాలకముందే పెరటి తలుపు మూతపడుతుంది. అమ్మ మూస్తుంది, లేకపోతే పంకజమే మూస్తుంది. నేను మూయను. తీయను కూడా. తీస్తే లోపలికి ఎవరొస్తారు, బయటికి ఎవరు పోతారు? ఆ రాత్రి రెండు గొంతులూ ఒకే పేరు చెప్పాయి కదా అని నాకు నేను చెప్పుకుంటాను. బయటిదే మాయ కావచ్చు కదా అనుకుంటాను. అలా అనుకోకపోతే నాకు పూట గడవదు.

అమ్మతో ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. అయితే ఇంట్లో దగ్గేవాళ్ళు ఎవరూ లేకపోయినా అమ్మ రోజూ మిరియాల కషాయం కాస్తూనే ఉంది. తనకే అనుకునేవాణ్ణి. కిందటి నెల చూశాను. తలుపు మూయబోయే ముందు, ఆ ఇత్తడి గ్లాసు నిండా పోసి, కొంగుతో పట్టుకుని, బయట మెట్టు మీద పెట్టి వచ్చింది. నన్ను చూసి కళ్ళు దించుకుని లోపలికి పోయింది.

ఇవాళ అమ్మ కంటే ముందు నేనే లేచి, వెలుతురు వచ్చాక పెరటి తలుపు తీశాను. వంటింట్లో పంకజం నీళ్ళు తాగిన చెంబు ఎప్పటిలాగే తాగినచోటే నిలువుగా ఉంది.

మెట్టు మీద ఇత్తడి గ్లాసు ఖాళీగా ఉంది. శుభ్రంగా తొలిచి, గడప పక్కన బోర్లించి పెట్టి ఉంది. ఎత్తి చూస్తే దాని కింద తడి ఇసుక.